దులుపుడక్క కసి

మంచితనం పుట్టుకతోనే వచ్చినవాళ్ళు కొందరుంటారట. ఉండనివ్వండి, మనకేం అభ్యంతరం లేదు. ఈవిడ మాత్రం కసితో మంచిగా ఉంది. ఒకే ఒక్క మనిషి మీద పగ పట్టి, ఆ పగతోనే పొద్దున్నే లేచి, ఆ పగతోనే జడ వేసుకుని, ఆ పగతోనే హోటల్లో గదులు శుభ్రం చేసి, ఎవడూ వేలెత్తి చూపడానికి వీల్లేకుండా బతికింది. నవ్వకండి. అలా బతికి చూస్తే తెలుస్తుంది, ఎంత ఓపిక కావాలో.

పేరు పెట్టి ఆవిణ్ణి ఎవరూ పిలవరు. దులుపుడక్క అంటారు. హోటల్లో గదులు చేసేవాళ్ళు మామూలుగా మంచం మీద దుప్పటి లాగి, నాలుగు మూలలూ కలిపి, మూటలో కుక్కేస్తారు. ఈవిడ అలా చెయ్యదు. ముందు నేల మీద ఒక తెల్లగుడ్డ పరుస్తుంది. దుప్పటిని రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఆ గుడ్డ మీద దులుపుతుంది. దిండు గలీబుల్ని లోపలివైపు బయటికి తిప్పి మళ్ళీ దులుపుతుంది. ఆ తర్వాతే మూట కట్టి కింద లాండ్రీకి పంపేది. జనం మంచాల్లో ఏమేం మర్చిపోతారో మీకు తెలీదు. ఉంగరాలు, గొలుసులు, చెవిటి మిషన్లు, ఒకసారైతే ఏకంగా పెట్టుడు పళ్ళు. అవి దుప్పట్లోంచి జారి సరాసరి ఆవిడ పాదం మీద పడితే, "అమ్మో, కరిచింది!" అని ఒక్క గెంతు గెంతింది. ఆ నవ్వులు వారం పాటు సాగాయి.

ఇదొక్కటే కాదు. ఆవిడ యూనిఫాంకి జేబులుండవు. హోటలు వాళ్ళు జేబులతోనే ఇస్తారు, ఈవిడ ఇంటికి తీసుకెళ్ళి వాటి మూతులు కుట్టేసుకుంటుంది. గది చేస్తున్నంత సేపూ తలుపు బార్లా తీసే ఉంచుతుంది, చలి వేసినా సరే. ఇక ఏ వస్తువైనా దొరికిందా, వేళ్ళు ముడుచుకునేలోపే "దొరికింది!" అని ఫ్లోరు దద్దరిల్లేలా అరుస్తుంది. పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నారని మేనేజరు ఎన్నిసార్లు మొత్తుకున్నా వినదు. "లేస్తే లేవనివ్వండి సార్. సాక్షి అవుతారు" అంటుంది.

ఈ పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి కదా.

వయసులో ఉన్నప్పుడు ఇంకో హోటల్లో పని చేసేది. అక్కడ గదులన్నిటికీ పెద్ద ఒకావిడ ఉండేది. నడుముకి తాళాల గుత్తి వేలాడేసుకుని తిరిగేది కాబట్టి తాళాలమ్మ అనేవారు, వెనకాలే లెండి. ఎదురుగా మాత్రం "మేడమ్, మేడమ్". ఆవిడ అందర్నీ "ఏమే, ఒసే" అనే పిలిచేది. సరే, పిలవనీ. ఒకరోజు ఎవరో గెస్టు గడియారం కనబడలేదని గొడవ చేశాడు. తాళాలమ్మ క్షణం ఆలోచించలేదు. "ఆ గది చేసింది ఇదే" అని వేలు చూపించింది. బేస్‌మెంట్లో బట్టలు మార్చుకునే గదిలో, అందరి ముందూ, ఈవిడ సంచీ బోర్లించింది. బట్టలు తడిమింది. జడ కూడా విప్పించింది, అందులో దాచిందేమోనని! ఏమీ దొరకలేదు. దొరక్కపోతే ఏం, "ఎవరి చేతికో అందించేసి ఉంటుంది, ఘటికురాలు" అంది. సాయంత్రానికల్లా ఉద్యోగం ఊడింది.

ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి దొరుకుతుంది. అసలు దెబ్బ అక్కడ తగల్లేదు. అప్పటికి వాళ్ళమ్మకి ఒంట్లో బాలేదు, మంచం మీదే ఉండేది. మాట ఎలాగో ఆవిడ చెవిన పడింది. ఈవిడ పళ్ళెంలో అన్నం కలుపుకుని వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. వాళ్ళమ్మ తినలేదు. చెయ్యి చాపి, బల్ల మీద ఉన్న తన చిన్న పర్సు తీసుకుని, మెల్లిగా దిండు కిందకి తోసుకుంది. ఏమీ అనలేదు. ఒక మాట అన్నా బాగుండేది, పోట్లాడొచ్చు, ఏడవొచ్చు. కన్న కూతురు పక్కన కూర్చుంటే పర్సు దాచుకుంది ఆ తల్లి. దాచుకున్నాక ముద్ద నోట్లో పెట్టించుకుంది. ఇంకొన్నాళ్ళు అలాగే తిని, అలాగే పోయింది.

తల్లి పోయాక, ఆ పాత హోటల్లో ఫోన్లెత్తే అమ్మాయి బస్సులో కనబడింది. "అక్కా, నీకు తెలీదా? ఆ గడియారం గెస్టు కారులోనే దొరికింది. మర్నాడే ఫోన్ చేసి చెప్పాడు. నేనే లైను కలిపాను తాళాలమ్మకి. ఆవిడ నీకు కబురు చెయ్యలేదా?" అంది. చెయ్యలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే తన వేలు తప్పు చూపించిందని ఒప్పుకోవాలిగా! ఫోన్ పెట్టేసి గుట్టుచప్పుడు కాకుండా కూర్చుంది. మర్నాడంటే, అప్పటికి వాళ్ళమ్మ బతికే ఉంది. ఒక్క మాట చాలు, ఆ పర్సు మళ్ళీ బల్ల మీదకొచ్చేది. ఆ బస్సులో నిలబడి ఈవిడ పళ్ళు పటపటా కొరుక్కుంది. దిగాల్సిన స్టాపు దాటిపోయినా తెలీలేదు.

ఆ రోజునుంచీ ఇంట్లో కూడా అదే ధ్యాస. మొగుడు బస్సు డ్రైవరు, నోట్లో వేలు పెడితే కొరకని మనిషి. "ఏమే, రాత్రికి వంట చేస్తావా, ఆ కసే వడ్డిస్తావా?" అనేవాడు నవ్వుతూ. ఈవిడ నవ్వేది కాదు. "నేను దొంగని కాదని చెబితే ఎవడూ నమ్మడండీ. చెప్పడం వల్ల కాదు. నన్ను చూసి దొంగ అనడానికి ఎవడికీ నోరు రాకూడదు, అంతే" అనేది. అలా వచ్చాయి ఆ కుట్టేసిన జేబులూ, తెరిచిన తలుపులూ, తెల్లగుడ్డలూ. వాటితోనే కొత్త హోటల్లో మెల్లిమెల్లిగా పైకొచ్చి ఫ్లోర్ సూపర్‌వైజర్ అయింది. తను ఎవర్నీ "ఏమే" అనలేదు. నిన్నగాక మొన్న చేరిన పిల్లనైనా "మీరు" అనే అంది. అది కూడా కసే.

ఒకసారి మేనేజరు అందరికీ క్లాసు పెట్టించాడు. ఎవరో మాస్టారు వచ్చి, విలువలంటే గోడకి తగిలించుకునే బోర్డు కాదనీ, రోజూ చేసే పనిలో కనబడాలనీ చెప్పి, "మీరు దేన్ని విలువగా అనుకుంటారు, దానికోసం రోజూ చేసే పని ఒక్కటి చెప్పండి" అని వరసగా అందర్నీ అడిగాడు. ఒకరు ప్రేమ అన్నారు, ఒకరు క్రమశిక్షణ అన్నారు. దులుపుడక్క వంతు వచ్చింది.

"నన్నొకావిడ దొంగ అంది సార్. అందుకని జేబులు కుట్టేసుకున్నాను."

మాస్టారు తడుముకోలేదు. "అద్భుతం! అంటే మీ విలువ నిజాయితీ అన్నమాట."

"మీరు ఏ పేరు పెట్టుకున్నా సరే సార్. మా ఇంట్లో దాన్ని కసి అంటాం."

క్లాసంతా ఘొల్లుమంది. మాస్టారు కూడా నవ్వి, బోర్డు మీద నిజాయితీ పక్కనే కసి అని రాశాడు, పాపం.

ఇంత జరిగాక వచ్చింది తాళాలమ్మ.

పాత హోటలు మూతపడిందట. ఇప్పుడు నడుముకి తాళాల్లేవు. జుట్టు నెరిసింది, మోకాళ్ళు సహకరించడం లేదు, అయినా కూతురింట్లో ఊరికే కూర్చుని తినడం ఇష్టం లేక గదులు చేసే పనికి అర్జీ పెట్టుకుంది. మేనేజరు దులుపుడక్కని పిలిచి, "ఈవిడ మీతో పాత హోటల్లో పని చేశారట, మనిషి ఎలాంటిది?" అని అడిగాడు. ఎదురుగా తాళాలమ్మ, మొహంలో నెత్తురు చుక్క లేదు. దులుపుడక్కకి నాలిక దురద పెట్టింది. ఒక్క మాట అంటే చాలు, ఆ ముసలావిడ వచ్చిన దారినే పోతుంది. కానీ పని గురించి అడిగినప్పుడు అబద్ధమాడి ఒకరి పొట్ట కొట్టడం తాళాలమ్మ చేసే పని. తను ఆవిడలా చచ్చినా చెయ్యదు.

"పని బాగా వచ్చు సార్" అంది. అదీ నిజమే. మనసులో మాత్రం, రా తల్లీ రా, నా చేతి కిందకే రా, అనుకుంది.

వచ్చింది. వచ్చాక తెలిసింది దులుపుడక్కకి, తన రూల్సు తన కాళ్ళకే ఎలా అడ్డం పడతాయో! ఎక్కువ మురికి గదులన్నీ తాళాలమ్మకే వేద్దామా అంటే, గదులు వంతులవారీగా ఇవ్వాలన్నది తను పెట్టిన పద్ధతే. అందరి ముందూ నాలుగు చివాట్లు పెడదామా అంటే, ఎవర్నైనా పక్కకి పిలిచే చెప్పాలన్నదీ తనే. మోకాళ్ళు నొప్పులు అంటే కాసేపు కూర్చోమనాలి, అందరికీ అలాగే అంటుంది కాబట్టి. ఇంటికొచ్చి, "నా కొంప నేనే ముంచుకున్నానండీ, దాన్ని ఏమీ అనడానికి లేదు" అని మొగుడి దగ్గర తల కొట్టుకునేది. బయటికి "మీరు", ఇంట్లో "అది". మొగుడు మాత్రం కడుపు పట్టుకుని నవ్వేవాడు.

తాళాలమ్మ ఆ గడియారం ఊసు ఎత్తలేదు. ఒక్కసారి కూడా ఎత్తలేదు! "మేడమ్, మేడమ్" అంటూ ఏమీ జరగనట్టే ఉండేది. ఫోను సంగతి ఈవిడకి తెలుసని ఆవిడకి తెలీదు. అది చూసే దులుపుడక్కకి ఇంకా ఒళ్ళు మండేది. తెల్లగుడ్డ పరిచి దులపమంటే మాత్రం తాళాలమ్మ మొహం చిట్లించేది. "మా రోజుల్లో ఇవన్నీ లేవు" అని గొణిగేది. చూసినప్పుడు దులిపేది, చూడనప్పుడు నేరుగా మూట కట్టేసేది.

అలా దులపకుండా మూట కట్టిన రోజే కొంప అంటుకుంది. గది ఖాళీ చేసి వెళ్ళిన గెస్టు దారిలోంచి వెనక్కొచ్చింది, ఒక చెవికి ముత్యం పోగు, రెండో చెవి బోసి. రిసెప్షన్లో గొంతు చించుకుంది. గది చేసింది తాళాలమ్మ. మేనేజరు పరుగెత్తుకుంటూ బేస్‌మెంట్‌కి దిగాడు. "ముందు ఆవిడ బ్యాగు చూడండి" అన్నాడు.

"ముందు మూటలు చూడాలి సార్, తర్వాతే మనుషులు. అది మన పద్ధతి" అంది దులుపుడక్క.

"పద్ధతులు తర్వాత! అవతల గెస్టు పోలీసులంటోంది" అని మేనేజరు తాళాలమ్మ లాకరు వైపు నడిచాడు. దులుపుడక్క లాండ్రీ గదికి వెళ్ళింది.

లాండ్రీ అతను భోజనానికి పోయాడు. మిషన్లు తమ మానాన తాము గిర్రున తిరుగుతున్నాయి. ఈవిడ ఆ ఫ్లోరు మూట విప్పి తెల్లగుడ్డ పరిచింది. ఇప్పుడు ఆవిడ మనసులో ఏముందో దాచిపెట్టకుండా చెప్పాలి. దొరక్కూడదు, దొరక్కూడదు, దొరక్కూడదు అనుకుంటూ దులిపింది. ఆ ముసలిది నిజంగానే తీసి ఉండాలి దేవుడా, అందరి ముందూ పట్టుబడాలి, జడ విప్పించాలి. మొదటి దుప్పటిలో ఏమీ లేదు. రెండోదాంట్లోనూ లేదు. హమ్మయ్య అనుకుంటూ గలీబు తిప్పింది. కుట్టు మూలలో చిక్కుకుని తెల్లగా మెరిసింది పోగు. టప్పున గుడ్డ మీద పడింది.

అరవాలి. అలవాటు ప్రకారం అయితే ఈపాటికి అరిచేసి ఉండాలి. నోరు రాలేదు. వంగి తీసుకుంది, గుప్పిట మూసింది, మూటల మీద కూర్చుంది. అబ్బ, ఏం సుఖం! ఇన్నేళ్ళలో అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు. అవతల గదిలోంచి మేనేజరు గొంతు, మధ్యమధ్యలో తాళాలమ్మ ఏడుపు వినబడుతున్నాయి. ఏడవనీ. తను ఏమీ చెయ్యనక్కర్లేదు, అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. తాళాలమ్మ ఆ రోజు ఫోన్ పెట్టేసి ఊరికే కూర్చోలేదూ? రేపు లాండ్రీ అతనికే ఎక్కడో దొరికినట్టు పడేస్తే సరిపోతుంది. ఈలోపు ఆవిడ ఉద్యోగం ఊడుతుంది, ఇంటికి వెళ్తుంది, కూతురు మొహం చూస్తుంది. తెలిసొస్తుంది.

ఒక టీ తాగేంత సేపు కూర్చుని ఉంటుంది. చెయ్యి చెమట పట్టింది. పోగు కాడ అరచేతిలో గుచ్చుకుంది. చూసుకుంది. గెస్టు వస్తువు తన గుప్పిట్లో ఉంది. ఎవరికీ చెప్పలేదు. దీన్నేమంటారు?

ఒళ్ళంతా ఒక్కసారి భగ్గుమంది. ఇన్నేళ్ళూ తాళాలమ్మ అన్న మాట పచ్చి అబద్ధం. ఇప్పుడు ఆ అబద్ధాన్ని కూర్చోబెట్టి నిజం చేస్తోంది ఎవరు? తనే. దొంగ అంది, ఇదిగో దొంగ అయింది. తల్లి పర్సు దాచుకోవడం కూడా రైటే అయిపోతుంది.

"నీ మాట నేను నిజం చేస్తానా? నేనా?" అని పైకే తిట్టుకుంటూ లేచింది. మిషన్ల మోతలో ఆ తిట్టు ఎవరికీ వినబడలేదు.

పక్క గదిలో బల్ల మీద తాళాలమ్మ సంచీ బోర్లించి ఉంది. దువ్వెన, మాత్రల డబ్బా, టిఫిన్ క్యారేజీ, మనవడిదేమో చినిగిన సాక్సు ఒకటి, దానికి గుచ్చిన సూది. పనివాళ్ళంతా గోడలకి ఆనుకుని గుడ్లప్పగించి చూస్తున్నారు. తాళాలమ్మ మేనేజరు చేతులు పట్టుకుంటోంది. "ఏమైనా చెయ్యండి సార్, మా అమ్మాయికి మాత్రం ఫోన్ చెయ్యకండి. నన్ను దొంగ అనుకుంటే నేను ఆ ఇంట్లో ముద్ద తినలేను."

దులుపుడక్క గుప్పిట తెరిచింది. "దొరికింది" అంది. ఈసారి అరవలేదు.

అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. మేనేజరు మొహం చేటంత అయింది. "శభాష్! చూశారా, మన పద్ధతంటే ఇదీ! ఇప్పుడే దొరికిందా?"

అవును అంటే అయిపోయేది. ఆ మాటకి ఎవరూ అడ్డం చెప్పేవాళ్ళు కూడా లేరు.

"లేదు సార్. ఇందాకే దొరికింది. గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను."

"ఎందుకు?"

"ఈవిడ ఇంకాసేపు ఏడవాలని."

"నన్ను సూపర్‌వైజర్‌గా ఉంచుతారో, తీసేస్తారో మీ ఇష్టం" అని మేనేజరుకి చెప్పి, తాళాలమ్మ వైపు తిరిగింది. "నాది నేను చెప్పాను. అందరి ముందూ చెప్పాను. ఇప్పుడు మీది మీరు చెప్పండి."

"ఏది మేడమ్?"

"గడియారం. మర్నాడు వచ్చిన ఫోను."

తాళాలమ్మకి తల కొట్టేసినట్టయింది. బల్ల పట్టుకుంది. ఎవరైనా సాయం వస్తారేమోనని చుట్టూ చూసింది, ఎవరూ కదల్లేదు. చివరికి నేలచూపులు చూస్తూ మొదలెట్టింది.

"ఈవిడ గడియారం తియ్యలేదు. నేనే తొందరపడి అన్నాను. అది కారులో దొరికిందని ఆయన మర్నాడే ఫోన్ చేశాడు. చెబితే నా పరువు పోతుందని... ఎవరికీ చెప్పలేదు."

"మరి నా పరువు?"

"తప్పయిపోయిందమ్మా. నన్ను క్షమించు." తాళాలమ్మ రెండు చేతులూ జోడించింది. చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. క్షమించేస్తుందని అందరూ అనుకున్నారు. ఇంత మంచి మనిషి కదా మరి, క్షమించకుండా ఎలా ఉంటుంది?

"మా అమ్మ పోయేదాకా నన్ను దొంగే అనుకుంది" అంది దులుపుడక్క. "మీ దగ్గర ఫోను ఉంది, నోరు ఉంది, మా ఇంటి అడ్రసు ఉంది. మీకు కాళ్ళు కూడా బాగానే ఉండేవి అప్పుడు. మిమ్మల్ని నేను క్షమించను. మీ అమ్మాయికి ఎవరూ ఫోన్ చెయ్యరు, మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. మీ వీపు వెనకాల మిమ్మల్ని ఎవరైనా దొంగ అంటే ముందు నేనే ఒప్పుకోను. రేపు పొద్దున పనికి రండి. రోజూ రండి. రోజూ నా మొహం చూడండి."

తాళాలమ్మ సంచీలోకి ఒక్కొక్కటే సర్దుకుంటూ, "వస్తాను మేడమ్" అంది.